తనిఖీ వేరు, సోదా వేరు: రోడ్డు మీద పోలీసులు బండి ఆపినప్పుడు

రాత్రి పదకొండు దాటాక హైదరాబాద్‌లో బండి నడిపే అలవాటున్న ఎవరికైనా ఈ దృశ్యం కొత్త కాదు. ఫ్లైఓవర్ దిగగానే రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు, వాటి మధ్య ఒక్క బండి పట్టేంత సందు, ఎర్రగా వెలిగే లైటు కర్ర ఊపుతూ ఒక కానిస్టేబుల్, కాస్త పక్కగా ప్లాస్టిక్ కుర్చీలో ఎస్సై. ‘‘బండి పక్కకు వెట్టు. లైసెన్స్ తీయ్. ఆర్సీ చూపెట్టు. డిక్కీ తీయ్.’’ నాలుగు మాటలూ ఒకే ఊపిరిలో, ఒకే స్వరంలో వస్తాయి కాబట్టి వినేవారికి ఆ నాలుగూ ఒకే అధికారం నుంచి పుట్టినట్టు అనిపిస్తుంది. నిజానికి మొదటి మూడింటి వెనుక 1988 నాటి మోటారు వాహనాల చట్టమూ దాని కింద చేసిన నిబంధనలూ ఉన్నాయి. సొంత కారులోనో స్కూటరు మీదో వెళ్తున్న మనిషి డిక్కీ తెరిపించే మాట మాత్రం ఆ చట్టంలో కనిపించదు. ఆ అధికారం వేరే చట్టాల్లో, వేరే షరతులతో ఉంది.

తెలుగులో ఈ రెండింటికీ రెండు మాటలు ఉండనే ఉన్నాయి. పత్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం తనిఖీ. వస్తువు కోసం వెతకడం సోదా. పత్రికల్లో మాత్రం డిక్కీలు తెరిపించి సంచులు కెలికిన వార్తకు కూడా ‘వాహనాల తనిఖీ’ అనే శీర్షికే పెడతారు. ఆ అలవాటు మన ఆలోచనలోకీ పాకింది. తనిఖీకి లోబడిన మనిషి సోదాకూ లోబడి ఉన్నట్టేనని పోలీసులూ అనుకుంటారు, వాహనదారులూ అనుకుంటారు.

ఈ విషయం మీద మన ఫోన్లలో తిరిగే సలహాల్లో చాలా భాగం అమెరికా నుంచి వచ్చినవే కావడం ఇంకో చిక్కు. అక్కడి పోలీసుల బాడీ కెమెరా వీడియోల్లో డ్రైవరు ‘నా కారు వెతకడానికి నేను ఒప్పుకోవడం లేదు’ అని ఒక్క వాక్యం చెప్పి కూర్చోవడం, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్న ఇళ్లలో అందరూ చూసిందే. అక్కడ ఆ వాక్యానికి బరువు రావడానికి కారణం వారి రాజ్యాంగంలోని నాలుగో సవరణ. దాన్ని ఉల్లంఘించి చేసిన సోదాలో దొరికిన వస్తువును సాధారణంగా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. మన రాజ్యాంగంలో అలాంటి అధికరణం లేదని 1954లోనే ఎం.పి. శర్మ కేసులో సుప్రీంకోర్టు 8 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చి, పాత తీర్పు గోప్యతకు రాజ్యాంగ రక్షణ లేదన్నంత మేరకు దాన్ని తోసిపుచ్చారు. అయినా పూరన్ మల్ కేసులో (1974) అదే కోర్టు చెప్పిన సూత్రం చెక్కు చెదరలేదు: సోదా పద్ధతి తప్పినంత మాత్రాన అందులో దొరికిన వస్తువు సాక్ష్యం కాకుండా పోదు. అందువల్ల ‘వారంటు లేదు కాబట్టి కేసు నిలవదు’ అన్న ధీమాతో బారికేడ్ దగ్గర వాదనకు దిగడం తెలివైన పని కాదు. మన దగ్గర వాహనదారుకు రక్షణ అంతా ఎవరు వెతుకుతున్నారు, దేనికోసం వెతుకుతున్నారు, ఏమని రాసుకున్నారు, ఎవరి ఎదుట చేశారు అనే పద్ధతుల్లో ఉంది.

తనిఖీ ఎంతవరకు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130 ప్రకారం బహిరంగ స్థలంలో వాహనం నడుపుతున్న వ్యక్తి, యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా డ్రైవింగ్ లైసెన్స్ చూపించాలి. ఆపకుండా చూపించడం కుదరదు కాబట్టి ఆపడం ఇందులోనే ఇమిడి ఉంది. ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం వంటివి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 139వ నిబంధన కిందికి వస్తాయి. ‘యూనిఫాంలో ఉన్న’ అనే మాట ఇక్కడ అలంకారానికి పెట్టింది కాదు. మఫ్టీలో ఉన్న వ్యక్తి లైసెన్స్ అడిగితే ముందు ఆయన ఎవరో, గుర్తింపు కార్డు ఏదో అడగడం తప్పు కాదు.

కాగితాలు చేతిలో ఉండాల్సిన కాలం కూడా పోయింది. తెలంగాణ రవాణా శాఖ 2016లోనే ఆర్టీఏ ఎం-వాలెట్ తెచ్చింది. కేంద్రం 139వ నిబంధనను సవరించడంతో డిజిలాకర్, ఎం-పరివాహన్ వంటి యాప్‌లలోని పత్రాలకూ చట్టబద్ధత వచ్చింది. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుల ప్రకారం, ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిచూసిన పత్రాన్ని మళ్లీ కాగితం రూపంలో అడగకూడదు. అయితే చూపించడం వేరు, ఇవ్వడం వేరు. లాక్ తీసిన ఫోన్‌ను అధికారి చేతిలో పెట్టాలని ఏ నిబంధనా చెప్పదు. తెర మీది పత్రాన్ని మన చేతిలోనే ఉంచి చూపిస్తే సరిపోతుంది. ఈ చిన్న జాగ్రత్త ఎందుకో కింద ఫోన్ల గురించి చెప్పేచోట అర్థమవుతుంది.

లైసెన్స్ స్వాధీనం చేసుకోవాలంటే సెక్షన్ 206 ఉంది. పత్రం నకిలీదని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు, డ్రైవరు సమన్లకు దొరకకుండా పోతాడని అనుకున్నప్పుడు, 2019 సవరణ తర్వాత అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, మద్యం తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం వంటి కొన్ని తప్పులకు కూడా అది వర్తిస్తుంది. తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలి. వాహనాన్నే పట్టుకోవడానికి సెక్షన్ 207 వేరుగా ఉంది: లైసెన్స్ లేకుండానో, వయసు నిండకుండానో, రిజిస్ట్రేషన్ లేకుండానో, రవాణా వాహనమైతే పర్మిట్ లేకుండా లేదా పర్మిట్ షరతు దాటి నడుపుతున్నప్పుడో మాత్రమే. పాత చలాన్లు కట్టకపోవడం ఆ సెక్షన్ జాబితాలో లేదు. బండి తాళం చెవి లాక్కునే అధికారాన్ని ఇచ్చే సెక్షన్ ఏదీ నాకు ఈ చట్టంలో కనబడలేదు, కానీ నగరంలో తాళం చెవి కంటే ముందు చేతికి చిక్కేది ఏదీ లేదు. నల్ల ఫిల్ముల సంగతి మాత్రం తేలిపోయింది; 2012లో సుప్రీంకోర్టు వాటిని నిషేధించింది కాబట్టి చలాను రాసి, అక్కడికక్కడే ఫిల్ము పీకించే అధికారం ట్రాఫిక్ పోలీసులకు ఉంది.

కార్డన్ సెర్చ్ గురించి ఒక మాట. తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి, ఇళ్ల ముందు నిలిపి ఉన్న బండ్లలో కాగితాలు లేనివాటిని స్టేషన్‌కు తరలించడం నగరంలో చాలా ఏళ్లుగా సాగుతోంది. సెక్షన్ 130 మాట్లాడేది బహిరంగ స్థలంలో వాహనం ‘నడుపుతున్న’ వ్యక్తి గురించి. 207 మాట్లాడేది నిబంధనలకు విరుద్ధంగా ‘వాడిన లేదా వాడుతున్న’ వాహనం గురించి. ఇంటి ప్రహరీ లోపల తాళం వేసి ఉన్న స్కూటరు ఈ రెండు మాటల్లోకీ ఎలా వస్తుందో వివరించడం కష్టం.

వాహనం కూడా ఒక ‘స్థలం’

ఇక సోదా. 2024 జులై 1 నుంచి పాత నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పాత స్మృతిలో ఉన్న ఒక చిన్న నిర్వచనం ఇందులోనూ కొనసాగింది: ‘స్థలం’ అంటే ఇల్లు, భవనం, డేరా, వాహనం, నౌక కూడా. డిక్కీ విషయంలో చట్టం ఏమంటుందో చెప్పే తాళం చెవి ఈ నిర్వచనంలో ఉంది. వాహనాన్ని చట్టం ఇంటి పక్కన కూర్చోబెట్టింది కాబట్టి, ఒక స్థలాన్ని సోదా చేయడానికి ఏ షరతులు ఉన్నాయో కారుకూ ఆ షరతులే వర్తిస్తాయి.

ఆ షరతులు సెక్షన్ 185లో ఉన్నాయి. వారంటు లేకుండా వెతకాలంటే ఆ అధికారి స్టేషన్ హౌస్ ఆఫీసరైనా కావాలి, ఒక నేరాన్ని దర్యాప్తు చేస్తున్న అధికారైనా కావాలి. ఆ దర్యాప్తుకు అవసరమైన వస్తువు అక్కడ దొరుకుతుందని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉండాలి. వారంటు తెచ్చేలోపు ఆలస్యమై పని చెడుతుందన్న పరిస్థితి ఉండాలి. ఆ నమ్మకానికి కారణాలను, దేనికోసం వెతుకుతున్నారన్నదాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఆ రాతల ప్రతులను 48 గంటల్లోగా మేజిస్ట్రేట్‌కు పంపాలి. వాహన యజమాని దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేట్ ఆ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి.

దీనికి తోడు సెక్షన్ 103 స్థానికులైన ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది స్వతంత్ర సాక్షులు ఉండాలంటుంది. పోలీసు భాషలో వీరే పంచులు, ఆ రాతే పంచనామా. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాసి, సాక్షుల సంతకాలు తీసుకుని, ఆ ప్రతిని సోదాకు గురైన వ్యక్తికి ఇవ్వాలి. సోదా జరుగుతున్నంతసేపూ ఆ వ్యక్తిని అక్కడ ఉండనివ్వాలి. ‘నువ్వు అటు పోయి నిలబడు’ అని దూరంగా పంపి డ్యాష్‌బోర్డు అర కెలకడం ఈ సెక్షన్‌కు విరుద్ధం. స్త్రీ దగ్గర వెతకాల్సి వస్తే మరో స్త్రీయే, మర్యాదకు భంగం లేకుండా వెతకాలి. కొత్త సంహితలో అన్నిటికంటే పనికొచ్చేది సెక్షన్ 105: సోదా, స్వాధీనం, జాబితా రాయడం, సాక్షులు సంతకం చేయడం, అన్నీ ఆడియో, వీడియోలో రికార్డు కావాలి, వీలైతే మొబైల్ ఫోన్‌తోనే. ఆ రికార్డింగును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. కాబట్టి ‘వీడియో ఆన్ చేయించండి సార్’ అని అడగడంలో మొండితనం ఏమీ లేదు. ఆ బాధ్యతను చట్టమే వారి మీద పెట్టింది.

ఇప్పుడు మళ్లీ బారికేడ్ దగ్గరికి వద్దాం. అక్కడ దర్యాప్తులో ఉన్న కేసు లేదు, ఫలానా వస్తువన్న ఆలోచన లేదు, రాసిన కారణం లేదు, సాక్షులు లేరు. వరుసగా వచ్చే ప్రతి బండి డిక్కీ తెరిపించడాన్ని సెక్షన్ 185 కింద సమర్థించడం సాధ్యం కాదని నా అభిప్రాయం. మరి రోజూ అన్ని డిక్కీలు ఎలా తెరుచుకుంటున్నాయంటే, మనం తీస్తున్నాం కాబట్టి. అడిగిన వెంటనే మొహమాటంతోనో, త్వరగా బయటపడదామన్న తొందరతోనో, దాచడానికేముందన్న నిజాయితీతోనో తాళం తిప్పేస్తాం. దాన్ని చట్టం మన సమ్మతిగానే లెక్క వేస్తుంది.

అలాగని ప్రతి నాకాబందీ అక్రమమనీ అనలేం. దొంగతనమో, చైన్ స్నాచింగో, కిడ్నాపో జరిగిందని, ఫలానా రంగు కారని వైర్‌లెస్‌లో సమాచారం వచ్చి ఆ వర్ణనకు సరిపోయే కార్లను ఆపుతున్నప్పుడు, అక్కడ నేరమూ ఉంది, వస్తువూ ఉంది, ఆలస్యమైతే చేజారే ప్రమాదమూ ఉంది. వెనక సీటు మీద కత్తి బయటికే కనబడుతుంటే వెతకాల్సిన పనే లేదు. అనుమానాస్పద పరిస్థితుల్లో కనిపించిన వస్తువును స్వాధీనం చేసుకోవడానికి సెక్షన్ 106 చాలు. నేరాలను ముందే ఆపడానికి పోలీసులు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించని వ్యక్తిని అక్కడి నుంచి తరలించే అధికారం సెక్షన్ 172 ఇచ్చింది. దాని కింద అదుపులోకి తీసుకుంటే మేజిస్ట్రేట్ ఎదుట హాజరుపరచాలి, చిన్న విషయమైతే 24 గంటల్లోగా విడిచిపెట్టాలి. వీటన్నిటికీ తోడు నగరంలో నిజాం కాలపు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ ఇంకా అమల్లో ఉంది. ఫస్లీ లెక్క అంటే క్రీస్తు శకంలో 1938-39. ‘పెట్టీ కేసు’ అని మనం తేలిగ్గా అనే వాటిలో చాలా కేసులు దాని కిందే నమోదవుతాయి.

గంజాయి అనుమానం ఉన్నప్పుడు

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నుంచి బయలుదేరిన గంజాయి మహారాష్ట్ర వైపు వెళ్లే దారిలో హైదరాబాద్ ఉండటం వల్ల, ఔటర్ రింగ్ రోడ్డు మీదా విజయవాడ జాతీయ రహదారి మీదా కార్లను ఆపి చేసే సోదాల్లో ఎక్కువ భాగం 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం కిందివే. వాహనాన్ని ఆపి, దాన్నీ అందులోని సరుకునూ వెతికే అధికారం సెక్షన్ 49లో స్పష్టంగా ఉంది కాబట్టి ఇక్కడ పోలీసుల చేతులు చాలా పొడవు. కాకపోతే అదే చట్టం షరతులనూ కఠినంగా పెట్టింది, కోర్టులు వాటిని ఇంకా కఠినంగా చదివాయి.

సెక్షన్ 42 ప్రకారం సోదా చేసే అధికారి కానిస్టేబుల్ స్థాయికి పైవాడై ఉండాలి. తనకు అందిన సమాచారాన్ని రాసుకోవాలి. సూర్యాస్తమయం తర్వాత వారంటు లేకుండా వెతుకుతుంటే ఎందుకు ఆగలేకపోయాడో కారణం రాయాలి. ఆ ప్రతిని 72 గంటల్లోగా పై అధికారికి పంపాలి. బహిరంగ స్థలాల్లో సోదాకు సంబంధించిన సెక్షన్ 43లో ఇన్ని రాతలు అవసరం లేదు కాబట్టి, రోడ్డు మీద ఆపిన కారుకు 43 సరిపోతుందని పోలీసులు వాదిస్తూ వచ్చారు. 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రోడ్డు మీద ఉన్నంత మాత్రాన ప్రైవేటు జీపు ప్రజా రవాణా వాహనం అయిపోదని, అక్కడ సెక్షన్ 42 పాటించాల్సిందేనని చెప్పి నిందితులను విడుదల చేసింది. ఆర్టీసీ బస్సుకూ సొంత కారుకూ మధ్య తేడా ఇక్కడ ఉంది.

ఈ చట్టంలో జనం నోట ఎక్కువగా నానేది సెక్షన్ 50. అంతే ఎక్కువగా అపార్థమయ్యేదీ అదే. ఒక వ్యక్తి ఒంటి మీద, జేబుల్లో వెతకబోయే ముందు, ‘గెజిటెడ్ అధికారి ఎదుట గానీ మేజిస్ట్రేట్ ఎదుట గానీ సోదా జరగాలని కోరే హక్కు మీకు ఉంది’ అని ఆ వ్యక్తికి చెప్పి తీరాలి. 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులోనూ, 2010లో విజయ్‌సిన్హ్ జడేజా కేసులోనూ రాజ్యాంగ ధర్మాసనాలు దీన్ని తప్పనిసరి అని తేల్చాయి. కానీ ఈ రక్షణ మనిషి శరీరానికే. భుజాన ఉన్న సంచి ‘వ్యక్తి’ కిందికి రాదని 2005లో పవన్ కుమార్ కేసులోనూ, మళ్లీ 2023లో రంజన్ కుమార్ చద్దా కేసులోనూ కోర్టు చెప్పింది. సంచికే లేని రక్షణ డిక్కీకి అసలే లేదు. అంటే కారులో ఉన్న నలుగురిలో ఒకరి జేబులో చిన్న పొట్లం దొరికితే సెక్షన్ 50 కీలకమవుతుంది. డిక్కీలోని గోనె సంచిలో 30 కిలోలు దొరికితే ఆ సెక్షన్ పేరెత్తినా లాభం ఉండదు. గంజాయిలో 1 కిలో వరకు ‘తక్కువ పరిమాణం’, 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. ఆ తర్వాత బెయిల్ దొరకడమే గగనం.

మామూలు పత్రాల తనిఖీలో అనుకోకుండా సరుకు బయటపడితే ఏమిటి? అప్పటివరకు ఎన్‌డీపీఎస్ షరతులు పాటించలేదని ఆ తనిఖీని తప్పుపట్టలేం. కానీ అనుమానం మొదలైన క్షణం నుంచి ఆ చట్టం చెప్పిన పద్ధతినే పాటించాలని కోర్టులు చెప్పాయి. దురుద్దేశంతో, అకారణంగా సోదా చేసిన అధికారికి 6 నెలల వరకు జైలు, 1,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని ఇదే చట్టం సెక్షన్ 58లో ఉంది. ఆ జరిమానా అంకె చూస్తే నవ్వొస్తుంది, అది వేరే సంగతి.

ఫోన్ డిక్కీ కాదు

2021 అక్టోబరు చివర్లో నగరంలో ఒక వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. రోడ్డు మీద బండ్లు ఆపిన పోలీసులు యువకుల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అనే మాట కోసం వెతుకుతున్న దృశ్యాలు అవి. జనం సహకరిస్తున్నారని, బలవంతం ఏమీ లేదని పోలీసుల వైపు నుంచి వివరణ వచ్చింది. రాత్రిపూట లాఠీ పట్టుకున్న మనిషి చేయి చాచినప్పుడు ఇచ్చిన ఫోన్‌ను సహకారం అనవచ్చో లేదో పాఠకులే చెప్పాలి.

చట్టం దృష్టిలో ఫోన్‌ను తెరవడం కారు తెరవడం కంటే పెద్ద చొరబాటు. పుట్టస్వామి తీర్పు గోప్యతను హరించాలంటే మూడు షరతులు పెట్టింది: దానికి ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగిన మోతాదులోనే జోక్యం ఉండాలి. దారిన పోయే ప్రతి ఒక్కరి ఫోన్ చూడటం మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 94 కింద ఎలక్ట్రానిక్ పరికరాన్ని హాజరుపరచమని ఆదేశించవచ్చు, కానీ అందుకు ఒక దర్యాప్తో విచారణో నడుస్తుండాలి, రాతపూర్వకమైన ఆదేశం ఉండాలి. పాస్‌వర్డ్ చెప్పమని ఒత్తిడి చేయడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పకుండా కాపాడే రాజ్యాంగ అధికరణం 20(3)ను తాకుతుంది. వేలిముద్ర ఇవ్వడం అలాంటి సాక్ష్యం కాదని 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో 11 మంది న్యాయమూర్తులు చెప్పారు కాబట్టి, వేలు పెట్టి ఫోన్ తెరిపించడం, అంకెలు చెప్పించడం ఒకటేనా కాదా అన్న వాదన కోర్టుల్లో ఇంకా నడుస్తోంది. ఆ 11 మంది కాలంలో వేలితో తెరుచుకునే తాళాలు లేవు.

ముఖం ఫొటో తీయడం కూడా ఇలాంటిదే. 2021 లాక్‌డౌన్‌లో రోడ్డు మీద ఆపి, మాస్కు తీయించి తన ఫొటో తీసుకున్నారంటూ నగరానికి చెందిన ఒక సామాజిక కార్యకర్త, ముఖ గుర్తింపు సాంకేతికతను ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు.

ఎన్నికల కాలంలో నగదు

బేగంబజార్ వ్యాపారులకూ పెళ్లి నగలు కొనడానికి వెళ్లే కుటుంబాలకూ ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజులంటే గుబులు. 50,000 రూపాయలు దాటితే పట్టుకుంటారన్నది అందరికీ తెలిసిన లెక్క. ఎన్నికల సంఘం ఇచ్చిన పద్ధతిలో ఆ అంకె ఉన్నమాట నిజమే, కానీ అక్కడ రాసింది అభ్యర్థినో, ఏజెంటునో, పార్టీ కార్యకర్తనో, ప్రచార సామగ్రినో మోస్తున్న వాహనాల గురించి. మామూలు వాహనంలో 10 లక్షలు దాటి నగదు కనిపించినా, నేరంతో గానీ అభ్యర్థితో గానీ సంబంధం ఉందన్న అనుమానం లేకపోతే తనిఖీ బృందం దాన్ని స్వాధీనం చేసుకోకుండా ఆదాయపు పన్ను శాఖకు సమాచారం ఇవ్వాలనే అందులో ఉంది. తనిఖీ అంతా వీడియో తీయాలి. మహిళా అధికారి లేకుండా ఆడవారి పర్సు చూడకూడదు. పట్టుకున్న డబ్బుకు రసీదు ఇవ్వాలి, దాన్ని విడిపించుకోవడానికి జిల్లా స్థాయిలో ముగ్గురు అధికారుల కమిటీ ఉండాలి, కేసు లేకపోతే పోలింగ్ తర్వాత 7 రోజులకు మించి సొమ్ము అట్టిపెట్టకూడదు. బ్యాంకు నుంచి తీసిన చీటీ, కొనుగోలు బిల్లు, దుకాణం లెక్క పుస్తకం పేజీ ఫొటో, వీటిలో ఏది ఉన్నా రోడ్డు మీద అరగంట మిగులుతుంది.

డ్రంక్ అండ్ డ్రైవ్

ఇక్కడ వాహనదారుకు తిరస్కరించే వెసులుబాటు దాదాపు లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 203 కింద అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉంటే శ్వాస పరీక్ష కోరవచ్చు. ఊదనంటే, తాగి ఉన్నాడన్న అనుమానానికి ఆధారం ఉన్నప్పుడు అరెస్టు చేయవచ్చు, ఆ నిరాకరణ తర్వాత కోర్టులో మన మీదికే వస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి 6 నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కొత్త స్ట్రా అడగడం, యంత్రం చూపిన అంకెను మనమూ చూడటం, ముద్రించిన చీటీ మీద సమయం సరిచూసుకోవడం మన పని. ఈ నేరానికి అరెస్టు చేస్తే 2 గంటల్లోగా వైద్య పరీక్ష జరిపించాలని, లేదంటే విడిచిపెట్టాలని సెక్షన్ 202 చెబుతోంది. ఈ పరీక్ష కూడా తనిఖీయే తప్ప డిక్కీ సోదాకు అనుమతి పత్రం కాదు.

బండి విషయంలో 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పును నగరంలో ప్రతి వాహనదారూ గుర్తుంచుకోవాలి. తాగి నడిపారన్న ఒక్క కారణంతో వాహనాన్ని సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదు. పక్కన తాగని, లైసెన్స్ ఉన్న వ్యక్తి ఉంటే బండి ఆయనకు ఇవ్వాలి. లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించాలి. ఎవరూ రాకపోతే మాత్రమే బండిని భద్రత కోసం స్టేషన్‌కు తరలించాలి, పత్రాలు చూపించిన తర్వాత అప్పగించాలి. గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్, ఆపైన నాంపల్లి కోర్టు ఎలాగూ తప్పవు. బండి మాత్రం ఆ రాత్రే ఇల్లు చేరవచ్చు.

అభ్యంతరం ఎలా చెప్పాలి

నోటితో అభ్యంతరం చెప్పవచ్చు, చేతులు అడ్డం పెట్టకూడదు. ఎందుకంటే పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 37 ప్రకారం, పోలీసు తన హోదాలో సదుద్దేశంతో చేస్తున్న పని చట్టప్రకారం పూర్తిగా సరైనది కాకపోయినా, ప్రాణానికో తీవ్ర గాయానికో భయం లేనంతవరకు దాన్ని బలంతో అడ్డుకునే ఆత్మరక్షణ హక్కు మనకు ఉండదు. డిక్కీ మూత పట్టుకుని లాగితే, సోదా అక్రమమే అయినా, విధులకు ఆటంకం కలిగించారని సెక్షన్ 221 కింద, తోపులాట జరిగితే 132 కింద మన మీదే కేసు పడుతుంది. అక్రమమైన సోదా నుంచి సక్రమమైన కేసు పుట్టే దారి ఇది.

కాబట్టి చెప్పాల్సిన మాటలు నెమ్మదిగా ఉండాలి, కానీ తేల్చి చెప్పినట్టు ఉండాలి. ‘‘సార్, కాగితాలన్నీ చూపించాను. దేని గురించి అనుమానమో చెప్పండి. మీరు వెతుకుతానంటే నేను అడ్డుపడను, కానీ నేను ఒప్పుకున్నానని మాత్రం రాసుకోవద్దు. వీడియో తీయించండి, ఇద్దరు సాక్షులను పిలిపించండి.’’ ఇందులో పరుషమైన మాట ఒక్కటీ లేదు. అయినా ఈ నాలుగు వాక్యాలూ రికార్డులోకి వెళ్తే తర్వాత ఏ కోర్టులోనైనా దాన్ని సమ్మతి అనడం కష్టమవుతుంది. మన ఫోన్‌తో మనం వీడియో తీయడాన్ని నిషేధించే చట్టం లేదు, దూరంగా నిలబడి, వారి పనికి అడ్డు రాకుండా తీసినంతవరకు. అధికారి పేరు, ఛాతీ మీది పట్టీ, సమయం, కూడలి పేరు ఆ వీడియోలో మాటగా చెప్పి పెట్టుకుంటే మంచిది.

తెల్ల కాగితం మీదా, ఖాళీ గళ్లున్న పంచనామా మీదా సంతకం పెట్టకూడదు. స్టేషన్‌కు తీసుకెళ్తే అరెస్టా కాదా అని అడగాలి. అరెస్టయితే కారణం చెప్పడం (నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 47), మనం చెప్పిన ఒకరికి సమాచారం ఇవ్వడం (48), న్యాయవాదిని కలవనివ్వడం (38), 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లడం (58) వారి బాధ్యతలు. అరెస్టు కాదంటే వెళ్లిపోవచ్చా అని అడగడం మన హక్కు.

ఫిర్యాదు చేయదలిస్తే ఆ వారంలోనే చేయాలి. డీసీపీకి, కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అక్కడ కదలిక లేకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్, హైకోర్టులో రిట్ ఉన్నాయి. స్టేషన్ లోపల జరిగినదైతే, 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ సీసీటీవీ పెట్టి ఆ దృశ్యాలను నెలల తరబడి భద్రపరచాలని ఆదేశించింది కాబట్టి, తేదీ, సమయం రాసి ఆ దృశ్యాలను చెరిపేయకుండా ఉంచాలని కోరుతూ ముందుగా ఒక లేఖ ఇవ్వాలి. రోడ్డు మీద జరిగిన సోదా అయితే, సెక్షన్ 185 కింద మేజిస్ట్రేట్‌కు వెళ్లిన కారణాల ప్రతి కోసం దరఖాస్తు పెట్టాలి. అలాంటి ప్రతి ఏదీ తమకు చేరలేదని కోర్టు కార్యాలయం రాసి ఇస్తే, రిట్ పిటిషన్‌కు జతపరచాల్సిన మొదటి కాగితం అదే.